పార్టీల కాగితాలు చాట్‌జీపీటీలో పెట్టొచ్చా? దస్తావేజులు రాసేవాడి ప్రశ్న

తెనాలి లేఖరి:

నమస్కారమండీ. తెనాలిలో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర దస్తావేజులు రాస్తాను. మా నాన్నగారి నుంచి వచ్చిన పని. క్రయ దస్తావేజులు, దాన సెటిల్‌మెంట్లు, భాగ పంపకాలు, జీపీఏలు, విల్లులు, అన్నీ రాస్తాం. ఇప్పుడు షాపులో నాతో పాటు మా మేనల్లుడు కూర్చుంటున్నాడు. డిగ్రీ అయింది, టైపింగ్ బాగా స్పీడు, పని మీద శ్రద్ధ ఉంది. 2025 నవంబరులో చాట్‌జీపీటీ గో మన దేశంలో ఏడాది ఉచితం అన్నారు కదా, అది వాడి ఫోన్లో ఉంది. జియో వాళ్ల ఆఫర్లో గూగుల్ వాళ్ల ఏఐ జెమినై కూడా వచ్చింది. పైసా ఖర్చు లేదు కాబట్టి షాపు పనికి రెండూ వాడదాం మావయ్యా అంటున్నాడు.

వాడు చేసి చూపిస్తే నాకూ నచ్చింది. బ్యాంకు లోను కాగితంలోని ఇంగ్లీషు పేరా ఒకటి, పేర్లేమీ లేనిది, పెడితే తెలుగులో చక్కగా విడమరిచింది. మా దస్తావేజుల్లో ఒక వాక్యం మొదలైతే పేజీ చివరికి గానీ ముగియదు. దాన్ని సంతకం పెట్టే మనిషికి అర్థమయ్యేలా చిన్న చిన్న వాక్యాలుగా విడగొట్టి ఇచ్చింది. ఈ పని నిజంగా అవసరం. చాలామంది చదవకుండానే వేలిముద్ర వేసి వెళ్తారు.

నా భయం అల్లా కాగితంలో ఉండే వివరాల గురించే. ఒక క్రయ దస్తావేజు తీసుకోండి. వ్రాయించి ఇచ్చువారి పేరు, తండ్రి పేరు, వయసు, డోర్ నంబరు, ఆధార్, పాన్, ఫోన్. వ్రాయించుకొన్నవారివీ అన్నీ అవే. ప్రతిఫలం ఎంత, ఏ చెక్కు మీద ఎంత, చేతికి ఎంత. కింద షెడ్యూల్లో గ్రామం, సర్వే నంబరు, ఎన్ని సెంట్లు, నాలుగు హద్దులు. తూర్పున ఫలానా వారి పొలం, దక్షిణాన ఫలానా వారి పొలం అని రాస్తాం. ఆ పక్క పొలాల వాళ్లు మా షాపు గడప కూడా తొక్కలేదు, అయినా వాళ్ల పేర్లు వస్తాయి. చివర సాక్షుల ఆధార్లు.

విల్లు సంగతి ఇంకా వేరు. ఈ మధ్య ఒక పెద్దావిడ వచ్చింది. ఇల్లు కూతురికి రాసి, కొడుక్కి ఏమీ లేదని రాయమంది. ఎందుకు లేదో ఆ కారణం కూడా కాగితం మీద ఉండాలంది. బయట బెంచీ మీద మనుషులున్నారని లోపలికి వచ్చి, తలుపు దగ్గరగా వేయమని, అప్పుడు చెప్పింది. ఆవిడ చెప్పింది నేను తెల్లకాగితం మీద రాసుకున్నాను. మావాడు దాన్ని ఫొటో తీసి చాట్‌జీపీటీకి ఇస్తే డ్రాఫ్టు రెండు నిమిషాల్లో వస్తుందన్నాడు. వద్దని ఆపాను. ఆ కాగితం ఇంకా నా బీరువాలోనే ఉంది.

ఆపడమైతే ఆపాను గానీ వాడికి సరైన కారణం చెప్పాలి కదా. అసలు అందులో పెట్టిన మాట ఎక్కడికి పోతుంది? ఏ సెట్టింగు మారిస్తే నయం? ఏమేం తీసేసి పెడితే పని జరుగుతుంది, పార్టీల గుట్టూ నిలుస్తుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

ఏలూరు రియల్టర్:

లేఖరి గారూ, మీరు ఎక్కువ టెన్షన్ పడుతున్నారు. ఈసీ, అంటే ఆస్తి లావాదేవీల పత్రం, తీస్తే అమ్మినవాళ్ల, కొన్నవాళ్ల పేర్లన్నీ వస్తాయి. సర్వే నంబరు కొడితే భూమి రికార్డు, అదే అడంగల్, కనిపిస్తుంది. రిజిస్టరయ్యాక ఎలాగూ అందరూ చూసేదే. ఏఐకి తెలిస్తే కొత్తగా పోయేదేముంది?

తెనాలి లేఖరి:

అన్నగారూ, క్రయ దస్తావేజు వరకు మీ మాట కొంత ఒప్పుకుంటాను. కానీ 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టమే అన్నిటినీ ఒకే గాటన కట్టలేదు. 57వ సెక్షన్ చూడండి. స్థిరాస్తి దస్తావేజులు ఎక్కేది 1వ పుస్తకం. రుసుము కట్టి ఎవరైనా చూడొచ్చు. విల్లులు ఎక్కేది 3వ పుస్తకం. రాసిన మనిషి బతికున్నంత కాలం ఆ మనిషికి, లేదా ఆయన ఏజెంటుకి తప్ప నకలు ఇవ్వరు. పోయాకే ఇతరులకు ఇస్తారు. కన్నకొడుకు వచ్చి అడిగినా ఆఫీసులో ఇవ్వని కాగితాన్ని నేను షాపులో కూర్చుని ఎక్కడో ఉన్న కంపెనీకి పంపితే ఎలా?

ఇంకోటి. మా దగ్గర రాసిన ప్రతి డ్రాఫ్టూ రిజిస్టరు కాదు. బేరం కుదరక, అన్నదమ్ములకు పొసగక సగంలో ఆగిపోయేవి చాలా ఉంటాయి. ఎవరు ఎంత అడిగారు, ఎవరి అప్పు ఎంత, అవి ఏ ఈసీలోనూ ఉండవు.

బయట కనిపించే కాగితంతోనూ మోసాలు జరిగాయి. 2018లో తెలంగాణలో ఒకడు రిజిస్ట్రేషన్ల వెబ్‌సైట్ నుంచి దస్తావేజులు దించుకుని, వాటి మీది వేలిముద్రలతో రబ్బరు అచ్చులు చేసి సిమ్ కార్డుల యాక్టివేషన్‌కి వాడాడు. అప్పటినుంచి నా షాపులో వేలిముద్ర ఉన్న పేజీ జిరాక్స్ చెత్తబుట్టలో వేయనివ్వను. చింపాకే పారేయాలి.

హైదరాబాద్ డేటా ఇంజినీర్:

లేఖరి గారూ, నమస్తే. మా అమ్మమ్మగారిది కొల్లిపర, మీ పక్కనే. నాకు తెలిసినంత వివరంగా చెబుతాను, మీ మేనల్లుడికి కూడా చూపించండి.

టైపు చేసిన మాటైనా, పెట్టిన ఫొటో అయినా నేరుగా కంపెనీ సర్వర్‌కి వెళ్తుంది. జవాబు తయారయ్యేదీ, ఆ సంభాషణ దాచేదీ అక్కడే. ఏ సెట్టింగు పెట్టినా ఈ ప్రయాణం ఆగదు. అక్కడ ఎంతకాలం ఉంచుతారు, దేనికి వాడతారు అన్నవే సెట్టింగులతో మారతాయి. అందుకని సెట్టింగు పెట్టాం కదా అని ఆధార్ నంబరు అతికించడం సరికాదు.

ఇప్పుడు సెట్టింగులు. చాట్‌జీపీటీలో సెట్టింగ్స్‌లోకి వెళ్తే డేటా కంట్రోల్స్ అని ఉంటుంది. అందులో 'ఇంప్రూవ్ ది మోడల్ ఫర్ ఎవ్రీవన్' అన్నది ఆపేయాలి. ఉచిత ఖాతాలో గానీ, మామూలు నెలవారీ ఖాతాలో గానీ మనం ఆపకపోతే మన సంభాషణలు మోడల్, అంటే జవాబులిచ్చే ఏఐ, శిక్షణకి వాడుకోవచ్చు. బిజినెస్, ఎంటర్‌ప్రైజ్ ఖాతాల్లో మొదటి నుంచే వాడరు. సెట్టింగ్స్‌లోనే పర్సనలైజేషన్ కింద మెమరీ అని ఇంకోటుంది. ఒక పార్టీ గురించి చెప్పింది గుర్తుపెట్టుకుని ఇంకో పార్టీ డ్రాఫ్టులో ఎత్తుకునే వీలుంది కాబట్టి షాపు ఖాతాలో అదీ ఆపేయండి. టెంపరరీ చాట్ వాడితే హిస్టరీలో మిగలదు, శిక్షణకీ వెళ్లదు. అయినా 30 రోజుల దాకా వాళ్ల దగ్గర ఉంచుకోవచ్చు.

శిక్షణ ఆపేసినా చాలామందికి తెలియని దారి ఒకటి తెరిచే ఉంటుంది. జవాబు కింద బొటనవేలు బొమ్మలుంటాయి, బాగుంది, బాగాలేదు అని చెప్పేవి. వాటిలో ఏది నొక్కినా ఆ సంభాషణ మొత్తం ఫీడ్‌బ్యాక్ కింద వాడుకోవచ్చని వాళ్ల నిబంధనల్లోనే ఉంది. ఆ రెండు బొమ్మల జోలికి వెళ్లొద్దని మీవాడికి గట్టిగా చెప్పండి.

జెమినైలో సంభాషణలు దాచే యాక్టివిటీ అనే సెట్టింగు ఆపేయొచ్చు. ఆపినా 72 గంటల దాకా ఉంచుతారు. ఆపకపోతే కొన్ని సంభాషణల్ని మనుషులు కూర్చుని చదువుతారు. అలా చదివినవి మనం హిస్టరీ చెరిపేసినా, ఖాతా పేరు విడదీసి, మూడేళ్ల దాకా ఉంచుకుంటారు. చదివేవాళ్లు చూడకూడదనుకునే రహస్యాలు పెట్టవద్దని గూగుల్ తనే రాసింది. ఆ పెద్దావిడ విల్లు కాగితానికి ఇంతకంటే సూటిగా వర్తించేది లేదు. క్లాడ్ అనే ఇంకో చాట్‌బాట్ వాళ్లు కూడా 2025లో నిబంధనలు మార్చారు. శిక్షణకి ఒప్పుకుంటే ఐదేళ్లు ఉంచుతారు, ఒప్పుకోకపోతే 30 రోజులు.

చెరిపేస్తే పోతుంది కదా అని మా ఆఫీసులో కొందరంటారు. 2025 మే నెలలో అమెరికాలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక వేసిన కేసులో కోర్టు చాట్‌జీపీటీ కంపెనీ ఓపెన్‌ఏఐని, వాడుకరులు చెరిపేసిన సంభాషణలు కూడా చెరపకుండా దాచమని ఆదేశించింది. ఆ ఏడాది సెప్టెంబరు చివరిదాకా అది నడిచింది. మన చేతిలో ఉన్న డిలీట్ బటన్ ఒక కోర్టు కాగితం ముందు నిలబడలేదు. కంపెనీ కావాలని చేసింది కాదు, ఇష్టం లేదని కోర్టులో వాదించింది కూడా. అయినా దాచాల్సి వచ్చింది.

ఇక మీ షాపులో రోజూ ఎదురయ్యేది స్క్రీన్. మీ కంప్యూటర్ పార్టీ వైపు తిరిగి ఉంటుందనుకుంటాను, డ్రాఫ్టు చూపించాలి కాబట్టి. చాట్‌జీపీటీ తెరిస్తే ఎడమవైపు పాత సంభాషణల పేర్లు వరసగా కనిపిస్తాయి. ఆ పేర్లు అదే పెడుతుంది. 'కొడుకును మినహాయించి వీలునామా' అని ఒకటి కనిపించిందనుకోండి, ఎదురుగా కూర్చున్నది ఆ కొడుకు తోడల్లుడే కావచ్చు. 2023 మార్చి 20న చాట్‌జీపీటీలో జరిగింది ఇలాంటిదే. వాళ్లు వాడిన ఒక సాఫ్ట్‌వేర్ భాగంలో తప్పు వల్ల కొందరికి ముక్కూ మొహం తెలియనివాళ్ల సంభాషణల పేర్లు పక్కన కనిపించాయి. ఆ రోజు కొన్ని గంటల్లో వాడిన ప్లస్ (డబ్బు కట్టే) చందాదారుల్లో 1.2 శాతం మంది చెల్లింపు వివరాలు కూడా బయటపడే పరిస్థితి వచ్చింది. పేరు, ఈమెయిల్, కార్డు చివరి నాలుగు అంకెలు అందులో ఉన్నాయి.

సంభాషణను వేరేవాళ్లకు చూపే షేర్ లింకులు కూడా వద్దు. 2025లో చాట్‌జీపీటీ సంభాషణల్ని వెతుకులాటలో కనిపించేలా పెట్టే వీలు ఇచ్చారు. జనం గమనించకుండా టిక్ పెట్టేశారు. ఆ మాటలు గూగుల్‌లో దొరికాయి. గొడవ కాగానే ఆ సౌకర్యం తీసేశారు. గ్రోక్ అనే చాట్‌బాట్ లింకులైతే ఆ ఏడాది ఆగస్టులో లక్షల్లో గూగుల్‌కి ఎక్కాయి. పార్టీకి డ్రాఫ్టు పంపాలంటే వర్డ్ ఫైలు పంపండి.

హన్మకొండ ఆడిటర్ ఆఫీస్:

లేఖరి గారూ, నేను ఒక ఆడిటర్ దగ్గర పనిచేస్తాను. జూన్, జులై వస్తే టేబుల్ మీద ఫారం 16లు, అంటే జీతం మీద పన్ను కోసిన పత్రాలు, కుప్పలు కుప్పలు. పాన్, జీతం, ఇంటి లోను, అన్నీ అందులోనే. మా సార్ ఒకే నియమం పెట్టారు: మనిషి ఎవరో తెలిసేది ఏదీ కీబోర్డు దాటకూడదు. దాన్ని మేం ఎట్ల పాటిస్తున్నామో చెబుతా.

మీ భాగ పంపకాల దస్తావేజే తీసుకుందాం. అది ఇట్ల అడగొచ్చు: "ముగ్గురు అన్నదమ్ములు. వీరిని 'అ', 'ఆ', 'ఇ' అనుకో. తండ్రి స్వార్జితం. ఆస్తులు మూడు: ఇల్లు, మాగాణి, ఖాళీ స్థలం. 'అ'కి ఇల్లు, 'ఆ'కి మాగాణి, 'ఇ'కి స్థలం, దాంతోపాటు 'అ' నుంచి కొంత నగదు. తల్లికి బతికినన్నాళ్లు ఇంట్లో ఉండే హక్కు. ఈ షరతులతో తెలుగులో దస్తావేజు ముసాయిదా రాయి. పేర్లు, అంకెలు, హద్దులు రావాల్సిన చోట చుక్కలు పెట్టు." అంతే. దస్తావేజు భాష మొత్తం వచ్చేస్తుంది. చుక్కల్లో ఏం రావాలో మీ కంప్యూటర్‌లో వర్డ్‌లో మీరే నింపుకుంటారు. 'అ' ఎవరన్నది మీ నోటుబుక్కులో ఉంటది, అది ఇంటర్నెట్‌కి తెలియాల్సిన పనే లేదు. ఈ పద్ధతిలో పని ఏమీ ఆలస్యం కాదు. ఫార్మాట్ ఒకసారి బాగా కుదిరితే దాచుకుని మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు, ప్రతి పార్టీకీ కొత్తగా అడగక్కర్లేదు.

పేర్లు తీసేస్తే చాలు అనుకోవద్దు మాత్రం. 'ఫలానా ఊరి రైస్‌మిల్లు ఓనర్ రెండో భార్య కూతురు' అని రాస్తే పేరు లేకపోయినా ఆ ఊళ్లో అందరికీ తెలిసిపోతది. ఊరు, వృత్తి, చుట్టరికం మూడూ ఒకచోట పడకుండా చూసుకోవాలి. సర్వే నంబరు, ఊరు కలిస్తే అది పేరుతో సమానమే. నగదు కూడా అసలు అంకె ఇవ్వం, లెక్క అడగాల్సి వస్తే ఏదో ఒక రౌండ్ ఫిగర్ పెట్టి అడుగుతం.

ఆ పెద్దావిడ చెప్పిన కారణం ఉన్నది చూడండి, అది మాత్రం మీరే రాయండి. 'ఒక సంతానానికి ఆస్తి ఇవ్వకపోవడానికి కారణాన్ని విల్లులో ఎంత క్లుప్తంగా, ఎవర్నీ కించపరచకుండా రాయొచ్చు' అని నమూనా వాక్యాలు అడగండి. కారణం ఏమిటో చెప్పకుండానే అవి వస్తాయి.

గుంటూరు అడ్వకేట్:

చట్టం వైపు నుంచి నాలుగు మాటలు. మన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. నోటీసు ఇవ్వడం, సమ్మతి తీసుకోవడం, డేటాను భద్రంగా ఉంచడం లాంటి ప్రధాన బాధ్యతలు నియమాలు వచ్చిన 18 నెలలకు అమలవుతాయి, అంటే 2027 మే నుంచి. సొంత, ఇంటి అవసరాలకు వాడుకునేవాళ్లకు ఇది వర్తించదు. కానీ దస్తావేజు షాపు సొంత అవసరం కిందికి రాదు, పార్టీల వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కించి చేసే వృత్తి. భద్రతలో లోపానికి జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల రూపాయల దాకా రాసి ఉంది. ఏలూరు అన్నగారి మాటలోనూ కొంత ఉంది: చట్ట ప్రకారం బహిరంగపరచాల్సిన సమాచారానికి ఈ చట్టం వర్తించదు. విల్లు, ఆగిపోయిన డ్రాఫ్టు, సాక్షి ఫోన్ నంబరు ఆ మినహాయింపులోకి వస్తాయని నేననుకోను.

వకీలుకి చెప్పిన మాటకు ఉన్న రక్షణ చాట్‌బాట్‌కి చెప్పిన మాటకు లేదు. ఓపెన్‌ఏఐ అధిపతి శామ్ ఆల్ట్‌మన్ 2025 జులైలో తనే ఈ సంగతి ఒప్పుకున్నాడు. ఆస్తి గొడవల్లో ఇది చిన్న విషయం కాదు. రేపు విల్లు మీద దావా పడితే, 'ఈ మాటలు ఆవిడ చెప్పినవా, యంత్రం రాసినవా' అన్న ప్రశ్న వస్తుంది. ఆవిడ చెప్పింది చెప్పినట్టు మీ చేత్తో రాసిన ఆ తెల్లకాగితం జాగ్రత్తగా ఉంచండి. కేంద్ర ఆర్థిక శాఖ కూడా 2025 జనవరిలో ఆఫీసు కంప్యూటర్లలో, ఫోన్లలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ లాంటి ఏఐ యాప్‌లు వాడొద్దని తమ ఉద్యోగులకు చెప్పింది, కాగితాల గోప్యత కోసమే.

తెనాలి లేఖరి:

అందరికీ చాలా థ్యాంక్సండీ. చుక్కల పద్ధతి నాకు బాగా నచ్చింది. నిజానికి మా నాన్నగారి దగ్గర నమూనాల పుస్తకం ఒకటుండేది, పేర్ల చోట ఖాళీలతో. మావాడికి ఇది చెబితే వెంటనే ఒప్పుకున్నాడు. స్క్రీన్ సంగతి నేను ఆలోచించనే లేదు. ఇకనుంచి పార్టీ ఎదురుగా ఉంటే వర్డ్ తప్ప ఇంకేదీ తెరవద్దన్నాను.

ఇంకో రెండు అడుగుతాను. పార్టీలు చాలామంది ఆధార్లు, పాస్‌బుక్కులు వాట్సాప్‌లోనే పంపుతారు. అందులో నీలం రంగు గుండ్రటి బొమ్మ వచ్చింది కదా, మెటా ఏఐ. అది వీటిని చదువుతుందా? రెండోది, పాత లింకు డాక్యుమెంట్లు, అంటే ఆ ఆస్తి ఇంతకుముందు చేతులు మారినప్పటి దస్తావేజులు. యాభై, అరవై ఏళ్ల కిందటివి, గొలుసుకట్టు రాతలో ఉంటాయి. కొన్ని చోట్ల నాకూ అక్షరం అందదు. అలాంటివి ఫొటో తీసి చదివించుకోవచ్చా?

హైదరాబాద్ డేటా ఇంజినీర్:

వాట్సాప్‌లో ఇద్దరి మధ్య వెళ్లే మెసేజ్‌లు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్‌లోనే, అంటే ఆ ఇద్దరికి తప్ప ఎవరికీ చదవరాకుండా ఉంటాయి, ఆ బొమ్మ ఉన్నంత మాత్రాన అవి మెటాకి కనిపించవు. కానీ మనమే ఏదైనా మెటా ఏఐకి పంపినా, గ్రూపులో దాన్ని పేరు పెట్టి పిలిచి అడిగినా ఆ మాట మెటాకి చేరుతుంది. 2025 డిసెంబరు 16 నుంచి మెటా ఏఐతో మాట్లాడిన మాటల్ని బట్టి ప్రకటనలు చూపించడం కూడా మొదలుపెట్టారు. పార్టీ పంపిన పాస్‌బుక్కును మీవాడు దానికి ఫార్వర్డ్ చేసి 'ఇందులో విస్తీర్ణం ఎంత' అని అడగకుండా చూసుకుంటే చాలు. డ్రాఫ్టు దశలో పార్టీలను మాస్క్‌డ్ ఆధార్ పంపమనండి. యూఐడీఏఐ సైట్‌లో దొరుకుతుంది, మొదటి ఎనిమిది అంకెలు కనిపించవు. పూర్తి నంబరు రిజిస్ట్రేషన్ రోజు వాళ్లే చెబుతారు. వేలిముద్రల సంగతి ఎత్తారు కాబట్టి ఇంకోటి: ఆధార్‌కి బయోమెట్రిక్ లాక్ ఉంది, అది వేస్తే వేలిముద్రతో ఆధార్ పనిచేయదు. కాకపోతే రిజిస్ట్రేషన్‌కి వేలు పెట్టాల్సిన రోజు దాన్ని తెరవాలి, అది ముందే గుర్తుచేయండి.

పాత దస్తావేజుకి పేజీ మొత్తం ఫొటో వద్దు. అర్థం కాని వరస ఏదో అది మాత్రమే కనిపించేలా, పైనా కిందా తెల్లకాగితం కప్పి ఫొటో తీయండి. గ్యాలరీలో తీశాక కత్తిరించడం కంటే ఇది మేలు, అసలు ఫొటో ఫోన్లో ఉంటే పొరపాటున అదే వెళ్లే ప్రమాదముంది. వేలిముద్రలు, సంతకాలు, స్టాంపు కాగితం నంబరు ఆ కప్పు కిందే ఉండాలి. ఫోన్ కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపేయండి, లేకపోతే ఫొటో ఎక్కడ తీశారో ఫైలులోనే రాసి ఉంటుంది.

ఇంటర్నెట్‌తో పని లేకుండా మన కంప్యూటర్‌లోనే నడిచే మోడల్స్ కూడా ఉన్నాయి. ఒలామా అనే ఉచిత ప్రోగ్రాం వేసి గెమ్మా లాంటి చిన్న మోడల్ దించుకుంటే, ఆ తర్వాత కేబుల్ పీకేసినా పనిచేస్తుంది. కాగితం గది దాటదు. నా 16 జీబీ ల్యాప్‌టాప్‌లో పెట్టి చూశాను. ఇంగ్లీషు ఉత్తరాలు బాగా రాసింది, మీ దస్తావేజు తెలుగు దగ్గర తడబడింది, గొలుసుకట్టు అసలు అందలేదు. కాబట్టి ఇప్పటికి దాని మీద ఆధారపడమని చెప్పను. ఇంకో విషయం, చాట్‌జీపీటీ గొలుసుకట్టు చదివి చెప్పినప్పుడు అక్షరం తెలియని చోట ఊహించి నింపేస్తుంది, సందేహంగా చెప్పదు. సెంట్లు, సర్వే నంబర్ల దగ్గర దాని మాట తీసుకోకండి. అవి రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ తీసుకుని సరిచూసుకోండి.